బోస్టన్ చెరువు నుంచి బుకిట్ పంజాంగ్ ఫ్రీజర్ దాకా

ఎపిసోడ్‌లో టైము చాలక సగంలో ఆపేసిన మాట ఇది. "కూరగాయలు ఫ్రీజర్‌లో పెడితే సత్తువ పోతుందంట కదా అన్నా?" అని వినేవాళ్లలో ఒక తమ్ముడు అడిగినాడు. దానికి జవాబు చెప్పాలంటే ఐసు చరిత్ర చెప్పాల. మైకులో కుదరలేదు, ఇక్కడ రాస్తున్నా.

ముందు మా రూము సంగతి. బుకిట్ పంజాంగ్‌లో ఒక హెచ్‌డీబీ ఇంట్లో నలుగురం అద్దెకుంటాం, అందరికీ ఒకటే ఫ్రిజ్. ఆదివారం టెక్కా మార్కెట్‌కి పోయి వారానికి సరిపడా తెచ్చేవాళ్లం. వారం మధ్యలో కాంక్రీట్ పోత పడితే ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు. ఎవరు వండుతారు? శనివారానికి బెండకాయ నల్లబడేది, కొత్తిమీర కవర్లోనే నీరయ్యేది. ఒక నెల లెక్క రాసి చూసినా. నలభై డాలర్ల సరుకు చెత్తలోకి పోయింది. మా ఊళ్లో అది ఐదారు రోజుల కూలి.

మా ఒక్క రూమే కాదులెండి. 2019లో సింగపూర్ మొత్తం మీద 7,44,000 టన్నుల తిండి చెత్తయింది, అందులో 18 శాతమే రీసైకిల్ అయింది. ఈ దేశం తినేదాంట్లో 90 శాతానికి పైగా బయటి నుంచి వచ్చేదే. మేముండే బుకిట్ పంజాంగ్ (మలయ్ భాషలో పొడవాటి కొండ) వైపు ఒకప్పుడు కూరగాయల తోటలు, పందుల దొడ్లు ఉండేవి. 1980ల నుంచి బ్లాకులు లేచినాయి, తోటలు పోయినాయి. ఇప్పుడు మన చేతికొచ్చే బెండకాయ ఏ దేశంలోనో కోసింది. కొనేసరికే దానికి సగం వయసు అయిపోయి ఉంటుంది.

ఫ్రిజ్ లేని కాలంలో మా అమ్మ ఎండను వాడుకునేది. వేసవిలో మిద్దె మీద పాత చీర పరిచి మటిక్కాయ ఒరుగు, వంకాయ ఒరుగు ఎండబెట్టేది. మజ్జిగలో ఊరిన మిరపకాయలు ఒకపక్క, మామిడి ముక్కలు ఇంకోపక్క. నీళ్లు తీసేస్తే కుళ్లదు, ఉప్పూ నూనె పడితే కుళ్లదు అన్నది మన పెద్దోళ్లకు ఎవరూ బళ్లో చెప్పలేదు. సింగపూర్‌లో ఆ పని కాదు. సాయంత్రానికి వాన, పొద్దస్తమానం చెమ్మ. ఒకసారి కిటికీ బయట గుడ్డలారేసే కర్రల మీద పెట్టి చూసినాం, మూడో రోజు బూజు.

ఇక చలి కథ. 1833లో టస్కనీ అనే ఓడ అమెరికాలోని బోస్టన్ నుంచి 180 టన్నుల ఐసుతో బయలుదేరి, నాలుగు నెలలకు కలకత్తా చేరింది. అప్పటికి వంద టన్నుల దాకా మిగిలింది. చలికాలంలో గడ్డకట్టిన చెరువుల్ని రంపాలతో కోసి, రంపపు పొట్టు కప్పి పంపేవాళ్లు. ఆ వ్యాపారి పేరు ఫ్రెడరిక్ ట్యూడర్. 1842లో మద్రాసులో కూడా ఐసు దాచడానికి బీచ్ దగ్గర గుండ్రటి బిల్డింగు కట్టించినారు. ఐస్ హౌస్ అంటే మద్రాసులో ఇప్పటికీ తెలుసు. 1897లో వివేకానందుడు అందులో కొన్నాళ్లున్నాడు. ఈరోజు దాని పేరు వివేకానందర్ ఇల్లం. అప్పట్లో మద్రాసుకు హార్బరు లేదు. ఓడ సముద్రంలో ఆగితే మసూలా పడవల్లో సరుకు ఒడ్డుకు తేవాల. మా రాయలసీమ, కోస్తా జిల్లాలు ఆ మద్రాసు రాజ్యంలోనివే. అయినా ఆ ఐసు మన తాతల నోటికి అందిందనుకోవద్దు. దొరల గ్లాసులకూ జ్వరాలకూ పోయేది. మోసింది మాత్రం మనలాంటి కూలోళ్లే.

సింగపూర్‌కూ అదే ఐసు వచ్చింది. 1854లో హూ ఆ కే అనే చైనా వ్యాపారి, ఇంకొకాయనతో కలిసి నది ఒడ్డున, ఇప్పుడు క్లార్క్ కీ అంటామే, ఆ పక్కన ఐసు గోదాము పెట్టినాడు. ఊరంతా ఆయన్ని వాంపోవా అనేది. ఆయనా మనలాగే కుర్రతనంలో పనికోసం ఓడెక్కి వచ్చినోడే. అంత పెద్ద వ్యాపారికి కూడా ఆ ఐసు లాభం తేలేదు, కొనేవాళ్లు చాలక కొన్నేళ్లకే వదిలేసినాడు. తర్వాత 1903లో సింగపూర్ కోల్డ్ స్టోరేజ్ కంపెనీ పుట్టి ఆస్ట్రేలియా నుంచి గడ్డకట్టిన మాంసం తెప్పించింది. అది కూడా మొదట తెల్లోళ్ల బల్లల మీదికే. కోల్డ్ స్టోరేజ్ సూపర్ మార్కెట్ అని మనం ఏసీ కోసం దూరతామే, దాని మూలం అది.

ఇంతవరకూ చలి అంటే ఊరికే చల్లగా ఉంచడం. కూరగాయని గడ్డకట్టించి మళ్లీ కూరగాయలాగే తినొచ్చని చూపించింది క్లారెన్స్ బర్డ్స్‌ఐ. 1912 తర్వాత కొన్నేళ్లు కెనడాలోని లాబ్రడార్‌లో ఉన్నాడు. అక్కడి ఇన్యూట్ జనం పట్టిన చేప ఆ గాలికి క్షణాల్లో గట్టిపడేది, నెలల తర్వాత వండినా తాజాగా ఉండేది. నిదానంగా గడ్డకడితే లోపల ఐసు పలుకులు పెద్దవై కణాల గోడల్ని చీలుస్తాయి, తొందరగా కడితే చిన్నవిగా ఉంటాయి. ఆయన పట్టుకున్నది ఆ తేడా. చల్లటి ఇనుప పలకల మధ్య పెట్టెలు నొక్కే మిషను చేసినాడు. 1930 మార్చిలో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 18 అంగళ్లలో అమ్మకం మొదలైంది. బఠాణీ, పాలకూర ఆ మొదటి సరుకులోనే ఉన్నాయి.

మన పనిలోనూ ఇది ఉంది కదా. మందమైన పునాది పోసేటప్పుడు కాంక్రీటు వేడెక్కి పగలకుండా ప్లాంటులో ఐసు కలుపుతారు. మెరీనా బే స్టేషన్ దగ్గర నడుస్తున్న రైలు సొరంగాల కింద తవ్వడానికి మట్టినే గడ్డకట్టించినారు. మట్టిని నిలబెట్టే చలికి టమోటా ఒక లెక్కా?

అయితే చలి ఒక్కటే చాలదు. కూరగాయ లోపల ఎంజైములని ఉంటాయి, ఫ్రీజర్‌లో కూడా నిదానంగా పని చేస్తూనే రంగూ రుచీ చెడగొడతాయి. అందుకే ముందు మరిగే నీళ్లలో ముంచాల. బీన్స్‌కు మూడు నిమిషాలు, తర్వాత అంతే సేపు ఐసు నీళ్లలో. తుడిచి, పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి గట్టిపడినాక కవర్లో వేసి గాలి తీసేయాల. కుప్పగా వేస్తే నిదానంగా కడుతుంది, బర్డ్స్‌ఐ చెప్పిన పెద్ద పలుకులు వస్తాయి. తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు ఇదే: ఉడుకు నీళ్లలో కొంత సి విటమిన్ పోతుంది, నిజమే. కానీ పాలకూర వారం రోజులు కింది అరలో వాడిపోతే ఇంకా ఎక్కువ పోతుంది.

టమోటా, పచ్చిమిరప, అల్లంవెల్లుల్లి ముద్దకు ఉడుకు నీళ్లు అక్కర్లేదు. మాగిన అరటిపండు తోలు తీసి పెట్టండి. దోసకాయ, పచ్చి ఉర్లగడ్డ మాత్రం పెట్టొద్దు, మెత్తబడి పాడవుతాయి. ఫ్రీజర్ సున్నాకు కింద 18 డిగ్రీలు ఉండాల. ఒకే తలుపు ఫ్రిజ్‌లో ఉండే చిన్న ఐసు పెట్టెకు అంత చలి రాదు, దాంట్లో నెలలు దాచొద్దు. చలికి పురుగులు చావవు, నిద్రపోతాయంతే. ఒకసారి కరిగింది మళ్లీ గడ్డకట్టించొద్దు. డార్మిటరీలో ఉండేవాళ్లకు ఇంత సదుపాయం లేదని తెలుసు. నలుగురు కలిసి ఒక అర అడిగి తీసుకోగలిగితే చూడండి.

మాది మదనపల్లి పక్క పల్లె. నా చిన్నప్పుడు ఒక ఏడు టమోటా రేటు పడిపోయి, బండి బాడుగ కూడా రాదని మా నాయన గంపల్ని దోవలోనే గుంతలోకి తిప్పేసినాడు. ఆ రోజు ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. ఆ పక్క ఇప్పటికీ రేటు పడితే రోడ్డు పక్కన ఎర్రగా కుప్పలు కనపడతాయి.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో మా ఫ్రీజర్ తెరిచి నాయనకు చూపించినా. కవర్ల మీద తేదీలు రాసి ఉన్నాయి, లోపల టమోటాలు రాళ్లలా ఉన్నాయి. ఎన్నాళ్లుంటాయి అన్నాడు. మూడు నెలలు ఢోకా లేదన్నా. కాసేపు చూసి, "దాంట్లో ఎన్ని గంపలు పడతాయి రా?" అన్నాడు.

"రెండు కిలోలు నాయనా" అన్నా.