బోజా ఎవరి భుజాన?

ఈ మధ్య మన పిల్లల జుబాన్ మీద ఒకటే మాట: కశ్మీర్ గ్రేట్ లేక్స్. సోన్‌మర్గ్ దగ్గర మొదలై నారానాగ్‌లో ముగిసే సుమారు 70 కిలోమీటర్ల పైదల్ సఫర్. దాదాపు ఏడు రోజులు పడుతుంది. విషన్‌సర్, కిషన్‌సర్, గడ్‌సర్, సత్‌సర్, చివర్లో హర్ముఖ్ పహాడ్ కింద నంద్‌కోల్, గంగాబల్. ఈ పేర్లలోని 'సర్' ఎవరో కాదు, మన సరస్సే. అన్నిటికంటే ఎత్తైన గడ్‌సర్ కనుమ సుమారు 4,200 మీటర్లు ఉంటుంది.

బూట్లు ఏవి కొనాలి, జాకెట్ ఎంత మందం ఉండాలి అని ఇంట్లో రోజూ బహస్ నడుస్తుంది. డేరాలు, బియ్యం, గ్యాస్ పొయ్యి పైకి ఎవరు మోస్తారన్న సవాల్ మాత్రం ఎవరికీ తట్టదు. ప్యాకేజీలో ఉంటుందిలే అనుకుంటాం. కశ్మీర్ తారీఖ్ తిరగేస్తే, అక్కడి కొండలెక్కిన ప్రతి పెద్ద ఖాఫిలా తయ్యారీలో మొట్టమొదటి సవాల్ అదే.

అక్బర్ ఫౌజ్ 1586లో కశ్మీర్‌ను గెలిచింది. బాద్‌షా స్వయంగా వెళ్ళింది మాత్రం 1589లో. ఈ మధ్యలో పీర్ పంజాల్ కొండల్లో దారి చదును చేసే పని ఖాసిమ్ ఖాన్‌కు అప్పగించారు. వేల మంది రాళ్ళు కొట్టేవాళ్ళు, బేల్దార్లు ముందు వెళ్ళి బండలు పగలగొడితే, వెనక బాద్‌షా సవారీ వెళ్ళింది. తర్వాత ఆ దారిలో మంజిల్ మంజిల్‌కూ ఒక సరాయి లేచింది. నౌషెరా, చింగస్, రజౌరీ, థన్నామండీ, కనుమ దగ్గర అలియాబాద్ సరాయి. 1627లో జహంగీర్ కశ్మీర్ నుంచి తిరిగొస్తూ ఈ దారిలోనే ఇంతిఖాల్ అయ్యాడు. ఆయన పేగులను చింగస్ సరాయిలో దఫన్ చేశారని అక్కడి రివాయత్.

ఈ సఫర్ ఎంత బరువైనదో బాద్‌షాల దర్బారీ కితాబుల్లో కంటే ఒక ఫ్రెంచి హకీమ్ ఖతుల్లో బాగా కనబడుతుంది. ఆయన ఫ్రాన్స్వా బెర్నియర్. దానిష్‌మంద్ ఖాన్ దగ్గర నౌకరీ చేస్తూ, 1665లో ఔరంగజేబ్ లష్కర్ వెంట కశ్మీర్ వెళ్ళాడు. (ఈ బెర్నియరే రెండేళ్ళ తర్వాత మన గోల్కొండకూ వచ్చాడు.) కొండల మొదట్లో ఉన్న భింబర్‌లో లష్కర్ ఆగింది. అందరూ పైకెళ్తే తిండి చాలదు, ఇరుకు దారి పట్టదు. అందుకని ఎవరు వెళ్ళాలో ఏరి, మిగతా ఫౌజ్‌నూ పెద్ద తోపులనూ కిందే ఉంచేశారు. వెళ్ళేవాళ్ళు కూడా ఒకేసారి కాకుండా వంతులవారీగా కదలాలని హుకుం. నేటి ట్రెక్కింగ్ వాళ్ళు 'బ్యాచ్' అంటున్నది ఇదే.

కూలీల లెక్క ఇంకా హైరానా పుట్టిస్తుంది. ఒక్క బాద్‌షా సామానుకే 6,000 మంది, మొత్తానికి 30,000 మంది కావాలని అంచనా. బెర్నియర్ రాసే నాటికే 15,000 మంది భింబర్‌లో జమ అయ్యారట. కొందరిని కశ్మీర్ సుబేదారూ చుట్టుపక్కల రాజాలూ పంపితే, కొందరు నాలుగు పైసలు దొరుకుతాయని తామే వచ్చారు. బరువును బట్టి మజ్దూరీ ఎంతో సర్కారే ఖరారు చేసింది.

ఇంత బందోబస్తు చేసినా పీర్ పంజాల్ ఎక్కేటప్పుడు ఘోరం జరిగింది. నిట్టనిలువు దారిలో జనానా ఏనుగుల వరసలో ముందున్నది బెదిరి వెనక్కి అడుగేసింది. దాని తాకిడికి వెనకది, దానికి ఆ వెనకది. 15 ఏనుగులు లోయలో పడ్డాయి. ముగ్గురో నలుగురో ఆడవాళ్ళు చనిపోయారు. రెండు రోజుల తర్వాత తాను అటుగా వెళ్ళినప్పుడు కొన్ని ఏనుగులు ఇంకా తొండాలు కదిలిస్తూ కనిపించాయని బెర్నియర్ రాశాడు. చదివి ఆ పేజీ దాటడం నాకు కష్టమైంది.

కనుమ పైన ఆయనకొక తెల్లగడ్డం ఫకీర్ కలిశాడు. జహంగీర్ జమానా నుంచీ అక్కడే ఉంటున్నాడట. ఇక్కడ షోర్ చేయకండి, తుఫాను లేస్తుంది అన్నది ఆయన హెచ్చరిక. జహంగీర్ ఆ మాటకు నవ్వి, నగారాలు మోగించి, చావు తప్పి బయటపడ్డాడని కూడా చెప్పాడు. షోర్‌కూ తుఫానుకూ సంబంధం ఉందని నేననను. కానీ పహాడ్ మీద బతికినవాడి మాట విని నెమ్మదిగా నడిస్తే నష్టం లేదు.

మజ్దూరీ సంగతికి మళ్ళీ వద్దాం. శ్రీనగర్‌లో హరి పర్బత్ కోటకు కాఠీ దర్వాజా ఉంది. దాని మీద అక్బర్ కాలం నాటి ఫార్సీ కత్బా ఉంది, సన్ 1006 హిజ్రీ. కోట కోసం ఖజానా నుంచి ఒక కోటీ పది లక్షలు, 200 మంది హిందుస్తానీ ఉస్తాదులను పంపామని, ఇక్కడ ఎవరితోనూ బేగార్ చేయించలేదని, అందరికీ ఖజానా నుంచే మజ్దూరీ ముట్టిందని అందులో చెక్కారు. బేగార్ అంటే మన తెలంగాణ పెద్దలకు బాగా తెలిసిన వెట్టి. చేయించలేదని రాతిమీద రాయించుకోవాల్సి వచ్చిందంటే, చేయించడమే అప్పటి రివాజ్ అని నాకు అర్థమవుతుంది.

ఆ రివాజ్ పోలేదు కూడా. డోగ్రా రాజాల జమానాలో గిల్గిత్ ఫౌజ్‌కు రసద్ మోయడానికి కశ్మీరీ రైతులను ఊళ్ళ నుంచి పట్టుకెళ్ళేవాళ్ళు. ఈ సరస్సులకు ఎంతో దూరం కాని బాందీపురా మీదుగా, మంచు కనుమలు దాటిస్తూ. 1895లో కితాబు వేసిన భూమి బందోబస్తు అధికారి వాల్టర్ లారెన్స్, గిల్గిత్ పేరు చెబితేనే ఊళ్ళు వణికేవని రాశాడు. వెళ్ళినవాళ్ళలో ఎందరో తిరిగి రాలేదు.

ఇప్పుడు బేగార్ లేదు. గుర్రాలవాళ్ళు కిరాయికి వస్తారు. అయినా ప్యాకేజీకి డబ్బు కట్టేముందు కొన్ని సవాళ్ళు అడగండి. ఒక్కో గుర్రం మీద ఎన్ని కిలోలు వేస్తారు? గుర్రంవాడికి రాత్రి డేరా, కంబళి ఉన్నాయా, లేక వంట డేరా మూలన పడుకుంటాడా? వానకు ఒకరోజు ఆగిపోతే ఆ రోజు మజ్దూరీ ఎవరిస్తారు? అతనికి జబ్బు చేస్తే కిందికి తెచ్చే ఖర్చు ఎవరిది? జవాబు నసిగితే వేరేవాళ్ళను చూసుకోండి.

మిగతా తయ్యారీ తేలికే. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెంచకుండా చూసుకోవాలి. తలనొప్పితో పాటు వాంతులు మొదలైతే అక్కడే ఆగాలి, తగ్గకపోతే దిగాలి. బెర్నియర్ కాలంలో లాగే ఇక్కడా వెనక ఒకరోజు ఖాళీ ఉంచుకోవడం మంచిది. దారిలో ఫౌజీ చౌకీలు ఉంటాయి, అసలు ఐడీ కార్డు దగ్గర ఉంచుకోండి.

మౌసమ్ జూలై నుంచి సెప్టెంబర్ మొదటి వారాల దాకా. ఆ నెలల్లో పచ్చిక బయళ్ళలో గుజ్జర్, బకర్వాల్ కుటుంబాలు మేకలు, గొర్రెలు, గుర్రాలతో డేరాలు వేసుకుని ఉంటాయి. చలి మొదలవగానే చాలామంది పీర్ పంజాల్ దాటి రజౌరీ, పూంచ్ వైపు దిగిపోతారు. బాద్‌షాల సరాయిలున్న దారే వాళ్ళలో ఎందరికో దారి. సెప్టెంబర్ చివర్లో వెళ్తామనుకునేవాళ్ళకు పైన డేరాలూ కనబడవు, గుర్రాలూ అంత సులువుగా దొరకవు.