ఒక బస్సు కొరకు చేసిన మనవి



మీ బిడ్డ చదువు బడి ఎంత దూరమని ఎవరైనను అడిగినయెడల, ఇన్ని మైళ్లనియో ఇన్ని కిలోమీటర్లనియో చెప్పుదుము. అయితే ఆ దూరమును నేల మాత్రమే నిర్ణయించదు. ఏ బిడ్డ ఏ బడికి పోవలెను, ఎవడు బస్సు ఎక్కవలెను, ఎవడు నడువవలెను అని మనుష్యులు కూర్చుండి నిర్ణయింతురు. ఈ సంగతి మనకు తేటపడుటకు అమెరికా దేశములో జరిగిన ఒక చరిత్రను మీ యెదుట ఉంచుచున్నాను. అందులోని వారు గొప్పవారు కారు. మీవంటి రైతులు, నావంటి ఒక పాదిరి.

దక్షిణ కెరొలైనా రాష్ట్రములో క్లారెండన్ అను జిల్లా కలదు. అది ప్రత్తి పండు పల్లెసీమ. ఆ కాలమున అక్కడి చట్టము ప్రకారము తెల్లవారి పిల్లలకు ఒక బడి, నల్లవారి పిల్లలకు వేరొక బడి. 1949–50 సంవత్సరమున ఆ జిల్లా బడులలో నల్లపిల్లలు 6,531 మంది, తెల్లపిల్లలు 2,375 మంది. అయినను తెల్లబిడ్డ ఒక్కొక్కరికి 179 డాలర్లు ఖర్చు చేయగా, నల్లబిడ్డకు 43 డాలర్లు మాత్రమే ఖర్చు చేయుచుండిరి. తెల్లపిల్లలను తీసికొనిపోవుటకు 30 బస్సులుండెను. నల్లపిల్లలకు ఒక్కటియు లేదు.

లీవై పియర్సన్ అను రైతు పిల్లలు బడికి 9 మైళ్లు, అనగా సుమారు 14 కిలోమీటర్లు నడువవలసి యుండెను. తలిదండ్రులు చందాలు వేసికొని ఒక పాత బస్సు కొనిరి. అది మాటిమాటికి చెడిపోవుచుండెను. అప్పుడు వారి మధ్య సేవ చేయుచుండిన జోసెఫ్ డిలేన్ అను పాదిరి, పాఠశాలాధికారుల యొద్దకు పోయి ఒక బస్సు ఇప్పించుడని వేడుకొనెను. ఆయన బడిపంతులు కూడ. నల్లవారు కట్టు పన్ను స్వల్పము గనుక వారి పిల్లలకు బస్సు ఇచ్చుట తెల్లవారికి అన్యాయమగునని అధికారులు ప్రత్యుత్తరమిచ్చిరి. కనీసము పెట్రోలునకైనను సహాయము దొరకలేదు.

పియర్సన్ ధైర్యము తెచ్చుకొని 1948లో దావా వేసెను. అతని పొలము రెండు పాఠశాలా మండలముల సరిహద్దు మీద నుండెను. పన్ను ఒక మండలములో కట్టుచు, బస్సు వేరొక మండలములో అడుగుచున్నాడని చెప్పి ఆ దావాను కొట్టివేసిరి. బిడ్డ నడచిన 9 మైళ్లు లెక్కకు రాలేదు. పొలముగట్టు లెక్కకు వచ్చెను! అంతటితో ఆగలేదు. ఆ యేడు అతనికి విత్తనములకు, ఎరువులకు అప్పిచ్చువాడు లేకపోయెను. రైతులైన మీకు దాని భారమెట్టిదో నేను చెప్పనక్కరలేదు.

అయినను ఆ జనులు వెనుకకు తగ్గలేదు. 1949 నవంబరులో 20 మంది తలిదండ్రులు మరల మనవి వ్రాసిరి. ఈసారి బస్సు మాత్రమే కాదు. కట్టడములు, పుస్తకములు, ఉపాధ్యాయులు, అన్నియు సమానముగా ఇయ్యవలెనని అడిగిరి. అక్షరక్రమములో మొదటి పేరు హ్యారీ బ్రిగ్స్. ఇతడు యుద్ధకాలమున నౌకాదళములో పనిచేసి వచ్చి, పెట్రోలు అంగడిలో కూలికి కుదిరినవాడు. ఆ యేటి క్రిస్మసు ముందురోజుననే అతనిని పనిలోనుండి తీసివేసిరి. అతని భార్య ఎలైజా పనియు పోయెను. పేరు వెనుకకు తీసికొనుమని చెప్పినను ఆమె తీసికొనలేదు.

థర్గుడ్ మార్షల్ అను న్యాయవాది వీరి పక్షమున నిలిచెను. వారింగ్ అను న్యాయాధిపతి ఈ వ్యాజ్యమును చూచి, సమానముగా ఇయ్యుడని మాత్రమే అడుగవలదు, పిల్లలను వేరుచేయుటయే తప్పని అడుగుడని సలహా చెప్పెను. 1951లో ముగ్గురు న్యాయాధిపతుల యెదుట విచారణ జరుగగా, ఇద్దరు వీరికి విరోధముగా తీర్పు చెప్పిరి; వారింగ్ ఒక్కడే పిల్లలను వేరుచేయుటయే అసమానతయని వ్రాసెను. ఆ సంవత్సరమే డిలేన్ పాదిరి యిల్లు తగులబడెను. అగ్నిమాపకదళమువారు వచ్చియు, ఆ యిల్లు పట్టణపు హద్దుకు అవతల నున్నదని చూచుచు నిలిచిరి.

ఇప్పుడు చాల దూరమున నున్న కాన్సాస్ రాష్ట్రమునకు రండి. అక్కడ టొపీకా అను పట్టణములో నల్లపిల్లలకు బస్సు ఉండెను. కాని దాని కథ వేరు. లిండా బ్రౌన్ అను చిన్నదాని యింటికి 7 వీధుల దూరములో సమ్నర్ ప్రాథమిక పాఠశాల యుండెను. అది తెల్లవారిది. గనుక ఆ బిడ్డ రైలుపట్టాల ప్రక్కగా నడచి, బస్సు కొరకు కనిపెట్టి, సుమారు ఒక మైలు దూరమందున్న మన్రో పాఠశాలకు పోవలసి యుండెను. ఆమె తండ్రి ఆలివర్ బ్రౌన్ రైల్వే కార్ఖానాలో పనివాడు, సంఘములో సహాయ కాపరి. 1950లో ఆయన బిడ్డను చేయిపట్టుకొని సమ్నర్ బడికి తీసికొనిపోగా, చేర్చుకొనలేదు.

చదువరులారా, ఇది గమనించుడి. ఒకచోట బస్సు లేక బిడ్డ నడిచెను. వేరొకచోట దగ్గరి బడిని దాటించుటకే బస్సు ఎక్కించిరి. రెండుచోట్లను గోడ ఒక్కటే.

ఈ వ్యాజ్యములను ఇతర ప్రాంతముల వాటితో కూర్చి విని, 1954 మే 17న అమెరికా సుప్రీంకోర్టులోని 9 మంది న్యాయాధిపతులును ఏకమనస్సుతో తీర్పు చెప్పిరి: ప్రభుత్వ పాఠశాలలలో జాతిని బట్టి పిల్లలను వేరుచేయుట రాజ్యాంగవిరుద్ధము.

అయితే విత్తినవారు పంట కోసిరా? తీర్పు వచ్చునప్పటికి లిండా ప్రాథమిక పాఠశాల దాటిపోయెను. క్లారెండన్ జిల్లాలోని సమ్మర్టన్ తెల్లబడిలో మొదటి నల్లపిల్లలు 1965లో గాని అడుగుపెట్టలేదు. 1955లో డిలేన్ పాదిరి ఆలయము కాల్చబడెను. ఆయన ప్రాణరక్షణకై రాష్ట్రము విడిచి, 1974లో పరవాసిగానే మరణించెను. అమెరికా కాంగ్రెసు ఆయనకును పియర్సన్‌కును బ్రిగ్స్ దంపతులకును బంగారు పతకముల గౌరవమిచ్చినది 2004లో. వారిలో ఎవరును అది చూచుటకు సజీవులై యుండలేదు.

బస్సు కథయు అంతటితో ముగియలేదు. 1971లో షార్లట్ పట్టణ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, పిల్లలను కలుపుటకు బస్సులను వాడవచ్చునని చెప్పెను. 1974లో బోస్టన్ పట్టణమున నల్లపిల్లలున్న బస్సులపై రాళ్లు రువ్విరి. దూరప్రయాణము పసిపిల్లలకు శ్రమయే. ఆ మాట త్రోసివేయరాదు. కాని సమ్నర్ బడిని దాటి బస్సు పోయినప్పుడు దూరమును గూర్చి అంత కలవరపడినవారు ఎందరు?

ఇక మన సంగతి. మన దేశమున 2009 విద్యాహక్కు చట్టము కలదు. దాని క్రింద 2010లో కేంద్రము చేసిన నియమములు 5వ తరగతి వరకు బడి 1 కిలోమీటరు లోపలను, 8వ తరగతి వరకు 3 కిలోమీటర్ల లోపలను ఉండవలెనని చెప్పుచున్నవి. అట్లు లేనిచోట బిడ్డ వెళ్లుటకు తగిన యేర్పాటు చేయవలెను. మీ పేటలో ఏ బిడ్డయైనను దూరము వలన బడి మానినదా? ఆదివారపు ఆరాధన తరువాత సంఘపెద్దలు కూర్చుండి లెక్క చూడుడి, మనవి వ్రాయుడి, క్రింద మీ పేరు వ్రాయుడి. విసుగక న్యాయాధిపతి యొద్దకు పోయిన విధవరాలిని ప్రభువు మనకు మాదిరిగా చూపెను గదా. ఎలైజా బ్రిగ్స్ కూడ అట్టి స్త్రీయే. తన బిడ్డలకు దొరకనిది ఇతరుల బిడ్డలకు దొరకునట్లు ఆమె తన పేరును నిలుపుకొనెను.