ఆట వెనుక నున్నవారు



మన పినపాక ప్రాంతమున కొమ్ము ఆట చూడనివారుండరు. మగవారు తలపై అడవిదున్న కొమ్ములు ధరించి, మెడలకు పెద్ద డోళ్లు తగిలించుకొని అడుగు వేయుదురు. స్త్రీలు ఒకరినొకరు పట్టుకొని వరుసగా నిలిచి రేల పాట పాడుచు కదలుదురు. చూచువాని కన్ను ఆ కొమ్ముల మీదను, ఆ యడుగుల మీదను నిలుచును. అది సహజమే. కాని ఆ డోలునకు మ్రాను తొలిచినవా డెవడు, తోలు బిగించినవా డెవడు, ఆ పాట నెవరు కట్టిరి, ఏ దెబ్బకు ఏ యడుగు పడవలయునో పిల్లలకు నేర్పినవా రెవరు అని అడుగువారు మిక్కిలి అరుదు. తెల్లవారునప్పటికి ఆట జ్ఞాపకముండును; ఆడించినవారి పేర్లుండవు. నేటి ప్రసంగమున నేను చెప్పదలచినది ఆ పేర్లను గూర్చియే.

ముందుగా కాకతీయుల నాటికి పోవుదము. గణపతిదేవ చక్రవర్తి గజసైన్యమునకు అధిపతి జాయప సేనాని. ఈయన దివిసీమను ఏలిన అయ్య వంశమువాడు. ఈయన తోబుట్టువులను చక్రవర్తి వివాహమాడెను. ఏనుగులను నడపిన యీ వీరుడు 1253–54 ప్రాంతమున సంస్కృతమున 'నృత్తరత్నావళి' యను గ్రంథమును రచించెను. అందు ఎనిమిది అధ్యాయములు గలవు. మొదటి నాలుగు భరతముని శాస్త్రము ననుసరించిన మార్గ పద్ధతిని జెప్పును. తక్కిన నాలుగు దేశి పద్ధతిని, అనగా ఆయా దేశముల జనులు తమ వేడుకలలో ఆడుకొను ఆటలను జెప్పును. పేరణి, చిందు, కోలాటము మొదలైనవి ఇందు వచ్చును. పల్లెటూరి ఆట శాస్త్రగ్రంథమున సగము చోటు నాక్రమించుట సామాన్య విషయము కాదు.

ఆ దేశి నృత్తములలో గొండలి యను దానిని గూర్చి జాయప సేనాని యొక కథ చెప్పెను. కల్యాణ నగరమున భూతమాతృ మహోత్సవము జరుగుచుండగా, చాళుక్యరాజగు సోమేశ్వరుడు భిల్ల వేషమున నాడుచున్న యొక స్త్రీని చూచి ముగ్ధుడయ్యెనట. ఆ యాటను దిద్ది తీర్చి దానికి గొండలి యని పేరు పెట్టెనట. మహారాష్ట్రమున భిల్లులను గొండు లందురు గనుక ఆ పేరు కలిగెనని గ్రంథకర్త వివరణము. మన కోయ సోదరుల భాష గోండు భాషకు తోబుట్టువే యని మీ రెఱుగుదురు. కావున ఈ కథ మనకు దూరపుది కాదు.

ఈ కథను మరల నొకమారు తలచి చూడుడు. ఆటను మెచ్చిన రాజు పేరు ఇందున్నది. దానిని గ్రంథస్థము చేసిన సేనాని పేరున్నది. ఆడిన యామె పేరు మాత్రము లేదు. ఆమె వెనుక డోలు వాయించినవాని పేరును లేదు. రాజు మెచ్చుటకు ముందే ఆ యాట యుండెను. సేనాని వ్రాయుటకు ముందే ఆ యడుగు పడెను. ఐనను మొదటి చేయి మఱుగున పడిపోయి, తరువాతి చేతులు వెలుగునకు వచ్చినవి. ఇది ఎవరో ద్వేషముతో చేసిన పని కాదు. అడుగవలయునని తోచకపోవుటచే జరిగినది. అందుకే మఱింత విచారింపదగినది.

దీనికి ప్రతిగా మన సమీపముననే మఱియొక నిదర్శనము గలదు. పాలంపేటలోని రుద్రేశ్వరాలయమును గణపతిదేవుని సేనానియగు రేచర్ల రుద్రుడు 1213లో నిర్మింపజేసెను. శాసనము ఆ సేనాని పేరు చెప్పును. లోకము మాత్రము దానిని రామప్ప గుడి యనును. రామప్ప యనునది దానిని చెక్కిన శిల్పి పేరని జనశ్రుతి. దేవుని పేరు, కట్టించినవాని పేరు రెండును వెనుకకు పోయి, ఉలి పట్టినవాని పేరు జనుల నోట నిలిచినది. 2021లో ఆ యాలయము ప్రపంచ వారసత్వ సంపదలలో చేరినది. అప్పుడును లోకమంతయు దానిని రామప్ప పేరుతోనే చెప్పుకొనినది. జనులు తలచుకొనినచో పనివాని పేరును నిలుపగలరని దీనివలన తెలియుచున్నది.

ఆ గుడి గోడల మీదను, దూలముల మీదను నర్తకులు, మద్దెలవారు చెక్కబడియున్నారు. చూరు క్రింద నల్లరాతి మదనికలు వంపుదీరి నిలిచియున్నారు. ఇరువదవ శతాబ్దమున నటరాజ రామకృష్ణగారు పేరణి నృత్తమును తిరిగి నిలబెట్ట సంకల్పించినప్పుడు ఈ శిల్పములే ఆయనకు బడి యయ్యెను. ఆయన 1923లో జన్మించి 2011లో పరమపదించిరి. పేరణి అప్పటికి ఆడువారు లేక మఱుగున పడియుండెను. దానిని లేవనెత్తుట కెందఱి సాయము కావలసివచ్చెనో చూడుడు.

గ్రంథము లక్షణము చెప్పును గాని దరువును వినిపింపదు. శిల భంగిమను చూపును గాని ఒక భంగిమనుండి మఱియొక భంగిమకు కాలు ఎట్లు సాగినదో చూపదు. గజ్జెల మ్రోతను అడుగుతో అదుపుచేయు విద్యకు శాస్త్రమున ఘర్ఘరమని పేరు గలదు. కాని పేరు తెలిసినంత మాత్రమున కాలు పలుకదు. కావున సేనాని వ్రాసిన శ్లోకమును, శిల్పి చెక్కిన రాయిని, వాద్యకాండ్ర చేతిలోని దరువును ఒకచోట చేర్చవలసి వచ్చెను. ఇంతమంది కూడినపిమ్మటనే 1985 మహాశివరాత్రినాడు రామప్ప గుడియెదుట పేరణి శివతాండవము అట్టహాసముగా జరిగెను. నాడు ఆడిన యువకులను జనులు చూచిరి. వారితోపాటు ఏడువందల యేండ్లనాటి సేనానియు, శిల్పియు కూడ అచ్చట నున్నారని తలచినవా రెందఱో!

ఆంధ్రనాట్యము సంగతి ఇంకను బాధాకరము. గుళ్లలోను, ఆస్థానములలోను తరతరములుగా నర్తించిన స్త్రీలు ఆ విద్యకు నిధులు. సంఘము వారి కళను అనుభవించెను. వారిని మాత్రము చిన్నచూపు చూచెను. 1947లో మద్రాసు ప్రభుత్వము దేవదాసీలుగా నర్పించు నాచారమును శాసనముచే నిషేధించెను. ఆ యాచారము పోవలసినదే. అందు సందేహము లేదు. కాని దానితోపాటు ఆ స్త్రీలు గజ్జెలు విప్పి ఇండ్ల మూలల కూర్చుండిరి. వారితో విద్య నశించునను భయము కలిగెను. నటరాజ రామకృష్ణగారు వారి యొద్దకు పోయి, శిష్యునివలె కూర్చుండి నేర్చుకొనిరి. నాయుడుపేట రాజమ్మగారు ఆయనకు గురువులలో నొకరు. పశ్చిమగోదావరి మండలమున బల్లిపాడు మదనగోపాలస్వామి యాలయమునకు చెందిన సరిదె మాణిక్యమ్మగారు అధ్యాత్మ రామాయణ కీర్తనలకు అభినయమును వృద్ధాప్యమున నేటి తరమునకు నేర్పిరి. నేడు ఏ రంగస్థలముపైనైనను ఆంధ్రనాట్యము ప్రదర్శింపబడునప్పుడు, దీపముల వెలుగున నున్న యువతి వెనుక ఈ వృద్ధమాతలు నిలిచియున్నారని మనము గ్రహింపవలయును.

కూచిపూడి నృత్యనాటకములును ఇట్టివే. వెంపటి చినసత్యముగారు 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి లోకప్రసిద్ధులైరి. వారి 'చండాలిక' నెత్తికొందము. అందలి కథ రవీంద్రనాథ ఠాకూరుగారిది. తెలుగున సాహిత్యము కూర్చినవారు భుజంగరాయశర్మగారు. స్వరములు కట్టినవారు పట్రాయని సంగీతరావుగారు. ఈయన అంతకుముందు ఘంటసాలగారికి సంగీతమున సహాయకులుగా నుండిన విద్వాంసులు. నృత్తము కూర్చినవారు చినసత్యముగారు. కవి మాట పొడిగించినచో అడుగు తడబడును. అడుగు పెంచవలసివచ్చినచో స్వరము సాగవలయును. కావున కవియు, గాయకుడు, నాట్యాచార్యుడు ఎదురెదురుగా కూర్చుండి ఒకరి పని కొకరు లొంగి కూర్పవలసినదే. మీద రంగులు దిద్దువారు, కిరీటములు చేయువారు, తెరలు కట్టువారు వేఱుగా నుందురు. పూర్వము కూచిపూడి మేళములో సూత్రధారుడు తెరముందు నిలిచి పాత్రలను ప్రవేశపెట్టెడివాడు. ఆ సూత్రధారుని నోట తెరవెనుకవారి పేర్లును వినవచ్చినచో ఎంత బాగుండును!

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. పదిమందిని కూర్చు నాయకు డొకడు లేనిదే పని జరుగునా? జరుగదు. రామకృష్ణగారి పట్టుదల లేనిచో సేనాని గ్రంథము అలమారలోను, మదనిక చూరు క్రిందను ఉండిపోయెడివి. నాయకుని కీర్తి నాయకునిదే. ఐనను నాగలి పట్టినవానిని పొగడుటకు నాగలి చేసిన వడ్రంగిని మఱవ నక్కఱలేదు. పంట యిద్దఱిదియు. ఒకరి పేరు చెప్పుటవలన మఱియొకరి పేరు తఱుగదు.

ఇక మన యింటి మాటకు వత్తము. మన పొరుగున మణుగూరు మండలము కూనవరము గ్రామమున సకిని రామచంద్రయ్యగారు నివసించిరి. ఆయన డోలు వాయించుచు సమ్మక్క సారలమ్మల చరిత్రమును, కోయ వీరుల వంశగాథలను కోయ భాషలోను తెలుగులోను పాడిరి. రెండేండ్లకొకమారు మేడారమున జాతర జరుగునప్పుడు చిలుకలగుట్టనుండి సమ్మక్కయు, కన్నెపల్లినుండి సారలమ్మయు గద్దెలకు వత్తురు. లక్షల జనులు ఆ రాకను కన్నులార చూతురు. ఆ తల్లులెవరో, ఎందులకు పోరాడిరో చెప్పునది మాత్రము డోలువాని కంఠమే. ఆయనకు 2022లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదు నిచ్చినప్పుడు మన్యమంతయు సంతోషించినది. 2024 జూన్ మాసమున ఆయన స్వర్గస్థులైరి.

ఆయనకు బిరుదు వచ్చినది గనుక ఆయన పేరు మనకు తెలిసినది. ఆయనకు ముందు ఆ డోలు మోసినవారి పేర్లు మన కెన్ని తెలియును? కోయల పడిగె యనునది చూచితిరి కదా. ముక్కోణపు గుడ్డపై వేల్పుల బొమ్మలు, వంశపు గుర్తులు వేయబడియుండును. దానిని విప్పి చదువగల పెద్ద యున్నంతవఱకే అది చరిత్ర. ఆయన పోయిన మఱునాడు అది బొమ్మలున్న గుడ్డ మాత్రమే. పిల్లలకు అడుగులు వచ్చును, పట్టణపు సభలలో కొమ్ము ఆట ఆడుదురు, చప్పట్లు మ్రోగును. కాని కథ లేని డోలు, డోలు లేని ఆట ఎంత కాలము నిలుచును?

కావున పెద్దలారా, మీకొక విన్నపము. మీ గ్రామమున డోలు కట్టువారు, పాట ఎత్తుకొనువారు, పడిగె విప్పి చెప్పువారు ఎవరున్నారో వారి యింటికి మీరే పోవుడు. బడిపిల్లవాని నొకనిని వెంట తీసికొని పోయి, వారి పేరు, వారి గురువు పేరు, వారు చెప్పిన కథ ఒక పుస్తకమున వ్రాయింపుడు. దరువును యంత్రముపై పట్టించుట నేడు ప్రతి యింటను సాధ్యమే. ఊరిలో ఆట జరిగినప్పుడు ఆడినవారితోపాటు ఆ పేర్లును సభలో చదివింపుడు. దీనికి ధనముతో పనిలేదు. అడుగవలయునను తలంపు చాలును.

కల్యాణ నగరమున ఆడిన యా భిల్లస్త్రీ పేరు మన కెన్నటికిని తెలియదు. మన యూరి డోలువాని పేరు మాత్రము ఇంకను అడిగి తెలిసికొనవచ్చును. అతడు మన వీధిలోనే యున్నాడు.

స్వస్తి.