టేకుకు రంగేస్తరా?

పోయిన వేసవిలో జుమ్మెరాత్ బజార్‌లో ఒక పాత టేబుల్ కొన్నాను. రెండు సొరుగులు, ఒక కాలు కొంచెం పొట్టి. పైనున్న ముదురు గోధుమరంగు ఎనామిల్ పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి ఉంది. కాలు సరిచెయ్యడానికి వచ్చిన వడ్రంగి ఉప్పుకాగితంతో ఒక మూల రుద్ది, వాసన చూసి, "టేకు సార్ ఇది. మంచిగ గీకి పాలిష్ కొట్టిస్తే మీ పిల్లలకు కూడ పనికొస్తది" అన్నాడు. నేను పసుపు రంగు వేద్దామనుకుంటున్నానని చెప్పాను. ఆయన చేతిలో పని ఆపేశాడు.

"టేకుకు రంగేస్తరా ఎవరన్నా?"

ఆ రాత్రి ఫోన్‌లో నాన్నకి చెబితే ఆయనా అదే ప్రశ్న వేశాడు, కాకపోతే గుంటూరు యాసలో.

మన దగ్గర చెక్కల్లోనూ అంతస్తులున్నాయి. కొండపల్లి బొమ్మది పొణికి కర్ర, మెత్తటిది, తేలికది. చింతగింజల పొడీ, రంపపు పొట్టూ కలిపిన మక్కుతో దానికి చేతులూ కాళ్ళూ అతికించి, పైన రంగులేస్తారు. అది రంగుకోసమే పుట్టిన కర్ర. టేకు అలా కాదు, టేకు కనబడాలి. ద్వారబంధమైనా, పట్టె మంచమైనా, చెక్కలోని జీరలు కనబడితేనే దానికి విలువ. దాన్ని రంగుతో కప్పడమంటే బంగారు గొలుసుకి గిల్టు పూత వేయించడమే.

ఈ లెక్కని బొత్తిగా పట్టించుకోని మనుషులు కొందరు వందేళ్ళ కిందట ఇంగ్లండ్‌లో ఉండేవాళ్ళు. వర్జీనియా వుల్ఫ్‌ని చదువుతూ ఆవిడ అక్క వెనెసా బెల్ దగ్గరికి, అక్కణ్ణించి ఆ ఇంటి బల్లలూ మంచాల దగ్గరికి చేరాను. నా పసుపు డబ్బాకి ప్రేరణ వాళ్ళే.

కథ ఒక దుకాణంతో మొదలవుతుంది. 1910లో సెజాన్, వాన్‌గో, గొగాఁల చిత్రాలతో లండన్‌లో ప్రదర్శన పెట్టి బోలెడన్ని తిట్లు తిన్న విమర్శకుడు రోజర్ ఫ్రై. ఆ ప్రదర్శనలోని రంగులు గోడమీది ఫ్రేముల్లోనే ఎందుకుండాలి, కుర్చీలమీదకీ తెరలమీదకీ ఎందుకు రాకూడదు అనుకున్నాడు. కుర్ర చిత్రకారులకి ఏదో ఒక నికరమైన ఆదాయం చూపించాలని కూడా ఉండేది. 1913 జులైలో ఫిట్జ్‌రాయ్ స్క్వేర్‌లో 33వ నంబరు ఇంట్లో ఒమేగా వర్క్‌షాప్స్ తెరిచాడు. వెనెసా బెల్, డంకన్ గ్రాంట్ అందులో తోటి డైరెక్టర్లు. బెర్నార్డ్ షా కూడా డబ్బు పెట్టాడు. వారానికి మూడున్నర రోజులు పనిచేసిన చిత్రకారుడికి 30 షిల్లింగులిచ్చేవాళ్ళు. వస్తువు మీద ఎవరి పేరూ ఉండదు, ఒమేగా అక్షరం మాత్రమే ఉంటుంది.

చదవడానికి బాగుంది. కానీ దుకాణం నిలబడలేదు. అదే ఏడాది అక్టోబరులో ఒక ఆర్డర్ విషయంలో గొడవపడి విండమ్ లూయిస్ కొందరిని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది యుద్ధం వచ్చింది. అసలు ఇబ్బంది వాళ్ళ పద్ధతిలోనే ఉంది. వాళ్ళు చిత్రకారులు, వడ్రంగులు కారు. చెక్కపని ఎక్కువగా బయటివాళ్ళది, వీళ్ళది పైపూత. కొనేవాళ్ళేమో డబ్బున్నవాళ్ళు. డబ్బిచ్చి కొన్న బల్లకి పెచ్చు లేస్తే ఎవరు ఊరుకుంటారు? 1919లో ఒమేగా మూతపడింది.

అవే చేతులు, అవే రంగులు, ఆ యుద్ధం మధ్యలోనే మరోచోట కుదురుకున్నాయి.

1916లో బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవ వచ్చింది. డంకన్ గ్రాంట్, అతని స్నేహితుడు డేవిడ్ గార్నెట్ యుద్ధం చెయ్యమన్నారు. చెయ్యకపోతే దేశానికి పనికొచ్చే పనేదైనా చెయ్యాలి. వ్యవసాయం అలాంటి పనే. మొదట సఫోక్‌లో సొంతంగా పండ్లతోట పెట్టుకుంటే అధికారులు ఒప్పుకోలేదు, ఇంకొకరి పొలంలో కూలికి పనిచెయ్యాలన్నారు. అలా ఆ అక్టోబరులో వెనెసా, తన ఇద్దరు కొడుకులతో, ఈ ఇద్దరితో కలిసి సస్సెక్స్‌లో చార్ల్‌స్టన్ అనే పాత రైతు ఇంటికి అద్దెకి చేరింది. ఆ ఇంటి సంగతి చెప్పింది చెల్లెలు వర్జీనియాయే. కరెంటు లేదు, చలి, చెమ్మ. ఫ్రాన్స్‌లో పేలుతున్న ఫిరంగుల చప్పుడు ఆ గుట్టల మీదికి వినిపించేదని వర్జీనియా ఆ ఏడాదే ఒక వ్యాసం రాసింది.

ఆ ఇంట్లోకి వచ్చిన సామాను చాలావరకు పాతది, చవకది. దానికి రంగులేశారు. తలుపులకి, పొయ్యిగూటి చుట్టూ ఉన్న చెక్కకి, బీరువాలకి, దుంగలు దాచుకునే పెట్టెకి. ఆ పెట్టెమీద గ్రాంట్ వాయిద్యాలు వాయించే దేవదూతల్ని వేశాడు. 1917 ప్రాంతంలో వెనెసా మంచానికి తలవైపు నిద్రాదేవుడు మార్ఫియస్ తలని వేశాడు. ఉప్పుకాగితం, లప్పం, ప్రైమర్ అనే మన క్రమశిక్షణ వాళ్ళకి ఉన్నట్టు కనబడదు. ఇక్కడా పెచ్చులు లేచే ఉంటాయి. కానీ తిరిగి తెచ్చిచ్చే కొనుగోలుదారుడు లేడు. పాడైతే మళ్ళీ వేస్తారు, అంతే. భోజనాల గదిలోని గుండ్రటి బల్లమీద ఇప్పుడు కనిపించే రంగులు వెనెసా 1950ల్లో వేసినవి, అంటే ఆ ఇంటికి వచ్చిన ముప్ఫై ఏళ్ళు దాటాక.

నన్ను పట్టుకున్న విషయం ఇదే. ఒమేగాలో రంగు సరుకైంది. చార్ల్‌స్టన్‌లో అదే రంగు కాపురమైంది. అది వాళ్ళ సొంత ఇల్లు కాదు. యుద్ధం ఎప్పుడు ఆగుతుందో, ఎన్నాళ్ళుంటామో తెలియదు. తమది కాని చోటుని తమదిగా చేసుకోవడానికి కొనుక్కోనక్కర్లేదని వాళ్ళకి తెలిసింది. పన్నెండేళ్ళలో ఆరు ఇళ్ళు మారిన నాకు, గోడకి మేకు కొట్టాలంటే ఓనర్‌కి వాట్సాప్ పెట్టాల్సిన నాకు, ఈ మాట చిన్నది కాదు.

అయితే నాన్న ప్రశ్న ఇంకా అక్కడే ఉంది. చార్ల్‌స్టన్‌ని మురిసిపోతూ రాసేవాళ్ళు ఒక్కోసారి ఒక మనిషిని మర్చిపోతారు: గ్రేస్ హిగెన్స్. 1920లో పదహారేళ్ళ పిల్లగా వెనెసా ఇంట్లో పనికి చేరి, ఇంచుమించు యాభై ఏళ్ళు పనిచేసింది. వాళ్ళు రంగులేసిన బల్లలు తుడిచింది ఆవిడ. పాత సామాను ముచ్చటగా కనబడటానికి కూడా కొంత వెసులుబాటుండాలి. మా తాతకి చెక్కసామానంటే ఒక్క టేకు భోషాణం. కష్టకాలంలో అమ్ముకోడానికి పనికొచ్చేది అదే, అమ్ముకున్నాడు కూడా. చెడితే ఇంకోటి కొనుక్కోగల జీతం ఉంది కాబట్టే నేను పసుపు డబ్బా తెరవగలుగుతున్నాను. నాన్నది పాతకాలపు అభిరుచి అనుకోవడం నా పొరపాటు. ఆయన మాట్లాడింది భద్రత గురించి.

ఆదివారం గీకడం మొదలుపెట్టాను. గోధుమరంగు కింద ఆకుపచ్చ వచ్చింది. ఆకుపచ్చ కింద, పక్క చెక్కమీద, స్టెన్సిల్‌తో వేసిన నాలుగు తెల్ల అంకెలు. ఏదో ఆఫీసు సామాను నంబరై ఉండాలి. మా ఉద్యోగ భాషలో వెర్షన్ హిస్టరీ. ఎవరు కూర్చుని ఏం సంతకాలు పెట్టారో దీనిమీద. టేకుని ముందుగా కప్పినవాణ్ణి నేను కానన్నమాట. ఆ అంకెలు వదిలేసి చుట్టూ పసుపు వేశాను. సొరుగులకి నీలం. బ్రష్ చారలు కనబడుతున్నాయి, ఒకచోట కారింది కూడా.

చార్ల్‌స్టన్‌లో డంకన్ గ్రాంట్ 1978లో చనిపోయేదాకా ఉన్నాడు. 1980లో ట్రస్టు ఏర్పడింది, 1986లో ఇల్లు జనానికి తెరిచారు. చవక బల్లలు ఇప్పుడు మ్యూజియం సామాను, ఇక వాటిమీద ఎవరూ ఇంకో పూత వెయ్యలేరు. నా టేబుల్‌కి ఆ భయం లేదు.

పోయిన వారం కిటికీ బిగించడానికి అదే వడ్రంగి వచ్చాడు. టేబుల్ చుట్టూ ఒకసారి తిరిగాడు. కారిన చోట గోటితో గీరి చూశాడు. తిడతాడనుకున్నాను.

"ఏం కాదులే సార్. మల్ల గీకినా లోపల టేకు టేకే."

వచ్చే నెల ఇల్లు మారుతున్నాం. టేబుల్ కొత్తింటి తలుపులోంచి పడుతుందో లేదో కొలవాలి.