ప్రయాణంలో పసిపిల్లల నిద్ర: బోథ్ ప్రాంతం

పుట్టిన నాటి నుంచి మూడేళ్లలోపు పిల్లలు ఇల్లు కదిలినప్పుడు దారిలోనూ, చేరిన చోటా పడుకునే తీరు, దాని కోసం పెద్దలు తీసుకునే జాగ్రత్తలు ఈ వ్యాస విషయం. ఆదిలాబాద్ జిల్లా బోథ్ ప్రాంతంలో ఇది ఇంటింటి సంగతి. పురుడు తల్లిగారింట్లో పోసుకోవడం వాడుక కనుక చాలామంది పిల్లలకు మొదటి ప్రయాణం నెలల వయసులోనే, అమ్మమ్మ ఊరి నుంచి తండ్రి ఊరికి పడుతుంది. ఆ తర్వాత టీకాలు, దవాఖాన, పెళ్లిళ్లు, పుట్టువెంట్రుకలకు బాసర లేదా వేములవాడ, పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతర. బోథ్‌కు రైలు లేదు. 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కేదాకా లోపలి రోడ్ల మీద బస్సు, ఆటో, బైకే దిక్కు.

నిద్ర తీరు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం మూడు నెలల వరకు బిడ్డకు రోజుకు 14 నుంచి 17 గంటలు, నాలుగు నుంచి పదకొండు నెలల మధ్య 12 నుంచి 16 గంటలు, ఏడాది నిండాక రెండేళ్ల దాకా 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. పగటి కునుకులు కూడా ఈ లెక్కలోవే. పుట్టిన మొదటి రెండు మూడు నెలలు బిడ్డ ఒంటికి రాత్రీ పగలూ తేడా తెలియదు. ఆ వయసులో ప్రయాణం సులువు. పాలు, ఒడి ఉంటే చాలు. ఆరు నెలలు దాటాక కష్టం మొదలవుతుంది. అప్పటికి బిడ్డ మనుషులను, గదిని, పక్కను గుర్తుపడుతుంది.

చంటిబిడ్డ నిద్ర దాదాపు గంటకొక విడతగా సాగుతుంది. విడతకూ విడతకూ మధ్య బిడ్డ సగం మేలుకొని, పడుకునేటప్పుడు ఉన్నదే ఇప్పుడూ ఉందా అని చూస్తుంది. ఊపు ఉంటే మళ్లీ కళ్లు మూస్తుంది. బస్సు బస్టాండులో ఆగి ఇంజను ఆపగానే బిడ్డ ఉలిక్కిపడి లేవడానికి కారణం ఇదే. చప్పుడు బిడ్డను లేపుతుందని పెద్దలు భయపడతారు గాని, ఎడతెగని చప్పుడు కంటే అది ఒక్కసారిగా ఆగడమే ఎక్కువ లేపుతుంది.

జపాన్‌లోని రికెన్ సంస్థ పరిశోధకులు 2022లో 21 మంది పసిపిల్లలపై చేసిన అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని ఐదు నిమిషాలు ఆగకుండా నడిస్తే ఏడుపు తగ్గింది, దాదాపు సగం మంది నిద్రపోయారు. వెంటనే పక్క మీద వేస్తే కొందరు లేచారు. నిద్రపోయాక మరో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఒళ్లోనే ఉంచుకుని ఆ తర్వాత పండబెడితే నిద్ర నిలిచింది. చుట్టాలింటికి చేరగానే నిద్రలో ఉన్న బిడ్డను గబగబా మంచం మీద వేసే అలవాటు ఉన్నవారు ఈ ఎనిమిది నిమిషాలు ఓపిక పట్టాలి.

వరస, పక్క, తొట్టెల

ప్రయాణంలో గడియారం తప్పుతుంది, తప్పనివ్వకూడనిది వరస. ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం, పాలు, జోలపాట, దీపం తగ్గించడం: ఇంట్లో ఏ వరసన జరుగుతాయో పరాయి ఇంట్లోనూ అదే వరసన జరిగితే బిడ్డకు అది పడుకునే వేళ అని తెలుస్తుంది, వేళ రెండు గంటలు అటూ ఇటూ అయినా సరే. పెళ్లింట్లో పదిమంది చేతులు మారిన బిడ్డను పడుకునే ముందు అరగంట తల్లో, అమ్మమ్మో పక్కగదిలోకి తీసుకుపోవాలి. అది మర్యాద తక్కువ పని కాదు, బిడ్డ హక్కు.

ఇంటి వాసన కూడా నిద్రకు తోడ్పడుతుంది. పుట్టిన కొద్దిరోజులకే బిడ్డ తల్లి వాసనను పోల్చుకుంటుంది. తల్లి కట్టి విడిచిన పాత నూలు చీరను పక్క మీద ముడతలు లేకుండా బిగించి పరిస్తే కొత్త చోటు కొంత పాతబడుతుంది. ఏడాదిలోపు బిడ్డను మాత్రం వెల్లకిలా, గట్టి పరుపు మీద, మొహం దగ్గర దిండు, బొంత, వదులు బట్ట లేకుండా పండబెట్టాలి. పెళ్లింట్లో మెత్తటి పరుపుల మీద, నలుగురు పెద్దల మధ్య ఇరికించి పండబెట్టడం ప్రమాదం.

చీరతో కట్టే తొట్టెల ఈ ప్రాంతపు పాత ఉపాయం. పత్తి ఏరేటప్పుడు చేను గట్టున చెట్టుకొమ్మకు, చుట్టాలింట్లో దూలానికి, ఎక్కడైనా నిమిషంలో కట్టవచ్చు. ఏడుపు మాన్పడానికి, కునుకు పట్టించడానికి దానికి సాటి లేదు. కానీ చీర రెండు వైపులా మూసుకుంటుంది, బిడ్డ వీపు వంగి గడ్డం రొమ్ముకు ఆనుతుంది. చిన్న బిడ్డకు ఊపిరి అందని తీరు అది. పాకే, నిలబడే వయసు పిల్లలకు చీర మెడకు చుట్టుకున్న ప్రమాదాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అందుకే తొట్టెల దగ్గర మనిషి ఉండాలి. బిడ్డకు నిద్ర పట్టాక పక్క మీదికి మార్చాలి.

వాహనాల్లో

2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణం మొదలయ్యాక పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రద్దీ పెరిగింది. చంటిబిడ్డతో వెళ్లేవారికి బస్సు బయలుదేరే చోటే ఎక్కడం మేలు. వెనక సీట్లలో కుదుపు ఎక్కువ, మధ్య సీట్లలో తక్కువ. పొద్దున హైదరాబాద్ వైపు దక్షిణంగా వెళ్లే బస్సులో ఎండ ఎడమవైపు పడుతుంది, కుడివైపు నీడ. బిడ్డ ఒళ్లో పడుకున్నప్పుడు గడ్డం రొమ్ముకు ఆనకుండా, ముక్కు, నోరు కొంగు కింద మూసుకుపోకుండా చూస్తుండాలి.

బైకు మీద తల్లిదండ్రుల మధ్య ఇరికి నిద్రపోయే పిల్లలను ఈ రోడ్ల మీద రోజూ చూస్తాం. కేంద్రం 2022 ఫిబ్రవరిలో ప్రకటించి ఏడాది తర్వాత అమల్లోకి తెచ్చిన నిబంధన ప్రకారం నాలుగేళ్లలోపు పిల్లలను నడిపేవారికి కట్టి ఉంచే బెల్టుతో కూర్చోబెట్టాలి, తొమ్మిది నెలలు దాటిన పిల్లలకు హెల్మెట్ పెట్టాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. బిడ్డకు నిద్ర ముంచుకొస్తే మెడ నిలవదు. బండి ఆపి, దిగి, చెట్టు కింద కాసేపు పండనివ్వడమే దారి. కారులో పిల్లల సీటు వాడాలి. ఇంటికి చేరాక మాత్రం ఆ సీటులోనే నిద్ర కొనసాగించకూడదు. ఎండాకాలంలో ఆగిన కారులో నిద్రపోతున్న బిడ్డను ఒక్క నిమిషం కూడా వదలకూడదు.

చలి, జాతర

నాగోబా జాతర పుష్య అమావాస్యకు, ఆదిలాబాద్ చలి గట్టిగా ఉండే రోజుల్లో వస్తుంది. జాతర జరిపే మెస్రం వంశీయులు మర్రిచెట్ల కింద విడిది చేస్తారు. ఆరుబయట రాత్రి గడిపే పిల్లలకు ఒక్క మందపాటి చెద్దరు కంటే రెండు మూడు పల్చటి నూలు బట్టలు, పైన స్వెటర్ మంచివి. చెమట పడితే ఒకటి తీసేయవచ్చు. చలి తగులుతోందా అన్నది చేతులు, పాదాలు పట్టి కాదు, మెడ వెనక చెయ్యి పెట్టి చూడాలి. చలిమంట పొగలో బిడ్డను పండబెట్టకూడదు.

మందు

దారిలో ఏడవకుండా జలుబు, దగ్గు సిరప్ పట్టి పడుకోబెట్టడం అక్కడక్కడా కనిపించే పద్ధతి. ఇది పూర్తిగా మానాల్సిన పని. మత్తునిచ్చే ప్రోమెథజీన్ రెండేళ్లలోపు పిల్లలకు ఊపిరి ఆగే ముప్పు తెస్తుంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని సీసాల మీద ముద్రించాలని 2023 డిసెంబరులో దేశ ఔషధ నియంత్రణ అధికారి ఆదేశించారు.

విదేశాల నుంచి వచ్చే పిల్లలు

దుబాయ్ నుంచి వచ్చే బిడ్డకు వేళల తేడా గంటన్నరే; రెండు రోజుల్లో సర్దుకుంటుంది. అమెరికా తూర్పు తీరానికి మనకు తేడా వేసవిలో తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర గంటలు. రాత్రి రెండింటికి లేచి ఆడుకునే మనవడిని అమ్మమ్మ కోప్పడి లాభం లేదు, వాడి ఒంటికి అది సాయంత్రం. ఒళ్లు రోజుకు సుమారు ఒక గంట చొప్పున మాత్రమే మారుతుంది కనుక వారం పైనే పడుతుంది. పగలు వాకిట్లో వెలుతురులో ఆడించడం, పగటి కునుకు రెండు గంటలు దాటకుండా లేపడం, రాత్రి లేచినా పెద్ద లైటు, ఫోను తెర లేకుండా చీకట్లోనే పాలు పట్టడం దాన్ని కొంత తొందరపెడతాయి.