ఎనిమిది సెంటీమీటర్ల కొలత

గర్భాశయపు లోపొరయందు జనించు రాచపుండును, నేడందఱును క్యాన్సరని పిలుచుదానిని, దశలుగా విభజించు పద్ధతి వైద్యశాస్త్రమంత ప్రాచీనమని తోచునుగాని, దాని వయస్సు నూఱేండ్లైనను నిండలేదు. రేడియముతో చికిత్స చేయుచుండిన స్టాక్‌హోమ్, పారిస్, మ్యూనిచ్ వైద్యశాలలు తమ ఫలితములను సరిపోల్చుకొనబూనగా, ఒకరు తొలిదశ యన్నదానిని వేఱొకరు ముదిరినదన్నచో పోలిక యెట్లు పొసగును? ఈ చిక్కును దీర్చుటకై నానాజాతి సమితి ఆశ్రయమున 1929లో గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరునకు దశావిభాగ మేర్పడినది. లోపొర క్యాన్సరునకు 1950 వఱకు ఆ యోగము పట్టలేదు. పట్టినపుడైనను, వ్యాధి గర్భాశయముననే యున్నదా, వెలికి బ్రాకినదా యను రెండు మెట్లతో సరిపెట్టిరి. 1961లో ఫిగో యను అంతర్జాతీయ స్త్రీవైద్య సమాఖ్య వానిని నాలుగు చేసినది.

1971 నాటి సవరణ నాకు మిక్కిలి విచిత్రముగ దోచును. రోగిణికి మత్తునిచ్చి, సెంటీమీటర్ల గీతలున్న సన్నని లోహపు కడ్డీని ముఖద్వారముగుండ మెల్లగా లోనికి బంపి, కొన పైకప్పును తాకినంతనే వ్రేలితో గుర్తుపట్టి వెలికిదీసి, లోతు ఎనిమిది సెంటీమీటర్లకు మించనిచో మొదటి దశలో పూర్వభాగమనియు, మించినచో ఉత్తరభాగమనియు వ్రాసికొనెడివారు. పలుమాఱు ప్రసవించిన తల్లి గర్భాశయము సహజముగనే కొంత పెద్దది. ఫైబ్రాయిడ్ గడ్డలున్నచో చెప్పనక్కఱలేదు. గది లోతు కొలిచి గోడలోని చెదను లెక్కించినట్లుండెను ఆ కొలత!

1987లో అమెరికా వైద్యులు ప్రకటించిన పరిశోధనలో, పైపరీక్షనుబట్టి మొదటి దశ యనుకొనిన 621 మంది స్త్రీలకు శస్త్రచికిత్స చేసి చూడగా, ఇంచుమించు ఐదుగురిలో నొకరికి వ్యాధి గర్భాశయమును దాటియుండెను. మఱుసటి యేడే ఫిగో కడ్డీని విడిచి కత్తిని నమ్మినది. తొలగించిన గర్భాశయమును కోసి, కండరపు గోడలో పుండు సగముదాక దిగినదో, సగమును మించినదో సూక్ష్మదర్శినితో చూచి తేల్చుట నాటినుండి నియమమైనది. 2009లో ఈ సగమే ప్రథమదశకు ఏకైక హద్దుగా నిలిచినది. 2023లో జన్యువులును లెక్కకు వచ్చినవి: గర్భాశయమును దాటని పుండున పోల్ జన్యువికారము కనబడినచో దశ దిగును, పి53 వికృతమై కండరమున జొచ్చినచో ఎక్కును.

అయినను 1988 నిబంధనలు పాతకొలతను పూర్తిగ వెలివేయలేదు. శస్త్రచికిత్సకు శరీరమోర్వక తొలుత రేడియేషనుకే పోవలసిన కొలదిమందికి 1971 నాటి దశలనే వాడవచ్చునని, అట్లు వాడినట్లు చీటిపై తప్పక వ్రాయవలెనని అందు కలదు.