ఐదు నిమిషాలకో ఫైలు

2025 నవంబరు 18, మంగళవారం. మన గడియారంలో సాయంత్రం 4.50 దాటింది. ఎక్స్ తెరుచుకోవడం లేదు. చాట్‌జీపీటీ పలకడం లేదు. ఏ సైటు పడిపోయిందో చెప్పే డౌన్‌డిటెక్టర్ తానే పడిపోయింది. తెరల మీద కనిపిస్తున్న పేరు ఒక్కటే: సైట్ల ముందు నిలబడి వాటి రాకపోకలు చూసే సంస్థ క్లౌడ్‌ఫ్లేర్.

ఆ సంస్థలో మొదటి అనుమానం దాడి మీదికే పోయింది. పోదూ మరి! వ్యవస్థ పడిపోతోంది, కాసేపటికి లేస్తోంది, మళ్లీ పడిపోతోంది. దానికి తోడు, వాళ్ల యంత్రాలతో ఏ సంబంధమూ లేకుండా వేరేచోట నడిచే స్టేటస్ పేజీ కూడా అప్పుడే ఆగింది. అది వట్టి కాకతాళీయమని తర్వాత తేలింది. ఆ గంటలో చెబితే ఎవరు నమ్ముతారు?

ఇంటిదొంగ సంగతి ఎవరికీ తట్టలేదు.

సైటుకి వచ్చింది మనిషా, బాటా అని తేల్చే ప్రోగ్రాముకు కావలసిన లక్షణాల జాబితా కోడ్‌లో ఉండదు, బయట ఒక ఫైల్లో ఉంటుంది. మాటిమాటికీ మారేవాటిని కోడ్‌లో పాతిపెట్టకపోవడం ఆటోమేషన్ చేసేవాళ్ల పాత అలవాటే. బాట్ల ఎత్తులు పూటకోరకం. కాబట్టి ఇక్కడ ఐదు నిమిషాలకోసారి డేటాబేసులో క్వెరీ నడిచేది, కొత్త ఫైలు తయారై ప్రపంచమంతటా ఉన్న సర్వర్లకు వెళ్లిపోయేది.

ఆ సాయంత్రం 4.35కి డేటాబేసు అనుమతుల్లో ఒక మార్పు చేశారు. మంచికే చేశారు. దాంతో అంతవరకూ మరుగున ఉన్న టేబుళ్లు కూడా క్వెరీకి కనబడ్డాయి. ఏ డేటాబేసులోంచి తేవాలో క్వెరీలో రాసి లేదు. ఒకే కాలమ్ రెండేసిసార్లు వచ్చింది. మామూలుగా వాడే లక్షణాలు 60 దాకా ఉండేవి, ప్రోగ్రాము 200కి సరిపడా మెమరీ ముందే తీసి పెట్టుకునేది. ఆ రోజు ఫైలు 200 దాటింది. ఇక్కడ తప్పు రాదులే అన్న ధీమాతో రస్ట్ కోడ్‌లో రాసిన ఒక 'అన్‌రాప్' దగ్గర అంతా కూలింది.

మరి మధ్యమధ్యలో లేచిందెలా? డేటాబేసు క్లస్టర్‌లోని యంత్రాలన్నిటికీ ఆ మార్పు ఒకేసారి చేరలేదు. చేరిన యంత్రం మీద క్వెరీ నడిస్తే చెడ్డ ఫైలు, చేరనిదాని మీద నడిస్తే మంచి ఫైలు. కొంతసేపటికి మార్పు అన్నిటికీ చేరింది. ఇక లేవడమన్నది లేదు.

రాత్రి 7.54కి ఫైళ్ల తయారీ ఆపేశారు. పాత మంచి ఫైలు పెట్టి, రాకపోకలు నడిపే ప్రాక్సీని మళ్లీ మొదలుపెట్టారు. ఎనిమిదింటికి చాలావరకు తేరుకుంది, పూర్తిగా చక్కబడేసరికి 10.36.

వినియోగదారులు ఇచ్చే డేటాను ఎలా పరీక్షిస్తామో సొంత ఫైళ్లనీ అలాగే పరీక్షిస్తామని సంస్థ తన నివేదికలో రాసింది. నా మటుకు అసలు సంగతి అదే. బయటివాడు పంపినదాన్ని అక్షరం అక్షరం పట్టి చూస్తాం. మన స్క్రిప్టు తయారుచేసిన ఫైలునేమో, పెరట్లో కోసిన వంకాయ కదా అని పురుగు చూడకుండా పులుసులో వేసేస్తాం.

నివేదికలో మాటిచ్చిన ఆ పనులు పూర్తి కాకముందే మరో దెబ్బ తగిలింది. డిసెంబరు 5, మధ్యాహ్నం 2.17. మరో కాన్ఫిగరేషన్ మార్పు సెకన్లలో సర్వర్లన్నిటికీ చేరింది. ఈసారి తడబడింది లువా భాషలో రాసిన కోడ్. ఆగింది పాతిక నిమిషాలే. కానీ మన దగ్గర షేర్ మార్కెట్ నడుస్తున్న వేళ అది. షేర్ బ్రోకర్లు జెరోధా, గ్రో ఖాతాదారుల్లో చాలామందికి కొనడానికీ లేదు, అమ్మడానికీ లేదు.